హీత్‌కిట్ పాత రిగ్‌లు: కంపెనీ చరిత్ర, కొనే ముందు చూడాల్సినవి

అమెరికాలో ఉన్న తమ బంధువు హామ్‌ఫెస్ట్‌లో (హామ్ రేడియో అభిరుచి ఉన్నవాళ్ల సంత) హీత్‌కిట్ హెచ్‌డబ్ల్యూ-101 ట్రాన్సీవర్ (ప్రసారం, స్వీకరణ రెండూ చేసే రేడియో రిగ్) చవగ్గా చూశారనీ, కంపెనీ ఎలాంటిదో, తెప్పించుకోవచ్చో లేదో చెప్పమనీ ఒకరు అడిగారు. తెప్పించుకోవచ్చు. అయితే హీత్‌కిట్‌లో ఒకే మోడల్ సెట్లు రెండు ఒకేలా ఉండవు. కంపెనీ విడిభాగాలు, మాన్యువల్ పెట్టెలో పెట్టి పంపితే, కొన్నవాళ్లే ఇంట్లో కూర్చుని బిగించుకున్నారు. అంటే మీరు కొనేది బ్రాండుతో పాటు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి సాల్డరింగ్ కూడా.

మొదట ఇది విమానాల కంపెనీ. ఎడ్వర్డ్ హీత్ చికాగోలో పారాసోల్ అనే చిన్న విమానాన్ని కిట్‌గా అమ్మేవాడు. 1931లో కొత్త విమానాన్ని పరీక్షిస్తూ కూలి చనిపోయాడు. 1935లో హోవర్డ్ ఆంథొనీ కంపెనీని కొని మిషిగన్‌లోని బెంటన్ హార్బర్‌కు మార్చాడు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న విడిభాగాలు టోకున కొన్నాడు. వాటితో 1947లో ఆసిలోస్కోప్ (విద్యుత్ సంకేతాన్ని తెర మీద చూపే పరికరం) కిట్‌ను 50 డాలర్ల లోపు ధరకే తెచ్చాడు. కంపెనీ దశ తిరిగింది అక్కడే. 1954లో ఆంథొనీ కూడా విమాన ప్రమాదంలోనే పోయాడు. తర్వాత కంపెనీ డేస్ట్రామ్‌కు, 1962లో ష్లంబర్జర్‌కు, 1979లో జెనిత్‌కు చేతులు మారింది. జెనిత్‌కు కావలసింది కంప్యూటర్ల వ్యాపారం. యంత్రాలే బోర్డుల మీద భాగాలు బిగించడం మొదలయ్యాక, ఇంట్లో బిగించుకుంటే మిగిలే డబ్బు లేకుండా పోయింది. జపాన్ రిగ్‌లు తయారుగానే దొరికాయి. 1992లో కిట్లు ఆపేశారు.

హామ్‌లకు పనికొచ్చేవి ముఖ్యంగా రెండు వరుసలు. ఎస్‌బి వరుస కాలిన్స్ కంపెనీ ఎస్-లైన్ రేడియోలను చూసి చేసినది. అందులో వీఎఫ్ఓ (ఫ్రీక్వెన్సీని మార్చుకునే ఆసిలేటర్) ఫ్యాక్టరీలోనే బిగించి, సరిచేసి వచ్చేది. హెచ్‌డబ్ల్యూ వరుస చవక రకం, వీఎఫ్ఓ కూడా కొన్నవాళ్లే కట్టుకోవాలి. అందుకే హెచ్‌డబ్ల్యూ-101లో ఫ్రీక్వెన్సీ జరగడం సెట్టుకో తీరుగా ఉంటుంది. నన్నడిగితే ధరలో తేడా కొద్దిగానే ఉంటే ఎస్‌బి-102 వైపే మొగ్గుతాను.

కొనేటప్పుడు మాన్యువల్ అడగండి. అది లేకుంటే ధర తగ్గించమనండి. ప్రతి మెట్టు పక్కనా టిక్ పెట్టుకునే చోటు, ప్రతి కనెక్షన్‌కూ ఎస్ (సాల్డర్ చెయ్యి), ఎన్‌ఎస్ (ఇప్పుడే చెయ్యకు) గుర్తులు ఉంటాయి. ఎస్ పక్కన అంకె ఆ ట్యాగ్ (తీగలు సాల్డర్ చేసే లోహపు ముక్క) దగ్గర ఎన్ని తీగలు కలవాలో చెబుతుంది. టిక్ మార్కులు మధ్యలో ఆగిపోయి ఉంటే అక్కడ తప్పనిసరిగా వెతకండి. కింది కవర్ విప్పి చూడండి. సాల్డర్ బూడిద రంగులో ముద్దలా ఉంటే డ్రై సాల్డర్, అంటే సరిగా పట్టని అతుకు. మొదట ఎన్‌ఎస్ అన్న ట్యాగ్‌ల మీద ఎక్కువగా దొరుకుతుంది, ఎందుకంటే తర్వాత తీగ చేర్చాక కొందరు పైతీగకే వేడి తగిలించి వదిలేశారు.

తెచ్చాక నేరుగా ప్లగ్ పెట్టొద్దు. విడిగా ఉండే పవర్ సప్లై (హెచ్‌పీ-23 వరుస) ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ 120 వోల్టులకు కట్టి ఉందో, 240కా చూడండి. 120కి కట్టి ఉన్నదాన్ని మన 230 మీద పెడితే కాలిపోతుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ మార్చండి, పాతవి బాగానే ఉన్నాయనిపించినా సరే. హెచ్‌వీ (హై వోల్టేజీ) లైన్‌లో 700 వోల్టుల పైనే ఉంటుంది. ఆపేశాక మీటర్‌తో కొలిచే చెయ్యి పెట్టండి. తర్వాత మాన్యువల్‌లోని రెసిస్టెన్స్ పట్టికతో ప్రతి వాల్వు (వ్యాక్యూమ్ ట్యూబ్) పిన్నూ పోల్చండి. కార్బన్ రెసిస్టర్లు ఏళ్లు గడిచేకొద్దీ విలువ పెరుగుతాయి. 20 శాతం దాటినవి తీసెయ్యండి. మొదటిసారి 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. బల్బు తగ్గకుండా వెలుగుతూనే ఉంటే షార్ట్ ఉన్నట్టే.

ఈ సెట్ల ఫైనల్‌లో (పవర్ ఇచ్చే చివరి దశ) 6146 వాల్వులు రెండుంటాయి. 6146ఏ తీసి 6146బి పెడితే న్యూట్రలైజేషన్ (వాల్వు తనంతట తాను ఆసిలేట్ కాకుండా చేసే సర్దుబాటు) మళ్లీ చెయ్యాలి, లేకుంటే పై బ్యాండ్లలో ఆసిలేట్ అవుతుంది. ఒకటి ఏ, ఒకటి బి కలిపి వాడొద్దు.

బ్యాండ్ స్విచ్ మీద స్ప్రే కొట్టొద్దు. కాంటాక్ట్ క్లీనర్‌ను సన్న కుంచెతో కాంటాక్టులకే రాయండి.

సంతలో ఎస్‌బి-220 యాంప్లిఫయర్ కనిపిస్తే మీ లైసెన్స్ గ్రేడుకు ఎంత పవర్ అనుమతి ఉందో ముందు చూసుకోండి. దానిలో రెండు 3-500జెడ్ వాల్వులు, 2 కిలోవాట్ల పీఈపీ (శిఖర పవర్) ఇన్‌పుట్. దాని కీయింగ్ లైన్‌లో (ప్రసారం చేసేటప్పుడు ట్రాన్సీవర్ యాంప్లిఫయర్‌ను ఆన్ చేసే తీగ) దాదాపు 120 వోల్టుల డీసీ ఉంటుంది. ఈ కాలపు ట్రాన్సీవర్‌ను దానికి నేరుగా కలిపితే లోపలి కీయింగ్ ట్రాన్సిస్టర్ పోతుంది, కాబట్టి మధ్యలో చిన్న రిలే లేదా తక్కువ వోల్టేజీ కీయింగ్ బోర్డు పెట్టాలి.