ఇల్లు కట్టిస్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కాంట్రాక్టు కాగితం చదివాను. రెండు చోట్ల మార్పించి సంతకం చెయ్యి. ఒకటి, సామగ్రి గురించి రాసిన చోటల్లా "మంచి రకం" అని ఉంది. కాంట్రాక్టరు దృష్టిలో మంచిది వేరు, నీ దృష్టిలో మంచిది వేరు. సిమెంటు, ఇనుము ఏ గ్రేడో, తలుపు చెక్క ఎంత మందమో, పైపులు ఏ రకమో రాయించు. రెండోది డబ్బు సంగతి, తరువాత చెబుతాను.

"ఈయనను నమ్మవచ్చా మామయ్యా" అని అడిగావు. ఆయన ఇంతకుముందు కట్టిన ఇళ్లలో ఉంటున్నవాళ్లను కలువు. ఇల్లు ఎలా ఉందని అడగకు, అది కంటికే కనిపిస్తుంది. తాళాలు చేతికిచ్చిన తరువాత గోడ చెమ్మగిల్లితే పిలవగానే వచ్చాడా అని అడుగు. అందరికంటే తక్కువకు ఒప్పుకున్నాడని సంబరపడకు. ఏ పని లెక్కలోకి రాలేదో వెతుకు. వదిలేసినవన్నీ తరువాత అదనపు పనుల పేరుతో తిరిగి వస్తాయి.

ఆయన నిన్ను నమ్మవచ్చా అన్నది మాత్రం ఎవరూ అడగరు. ఉద్యోగమంతా బిల్లులు కొలిచినవాణ్ణి కనుక నేను అడుగుతున్నాను. కూలీలకు వారం వారం డబ్బు ఇవ్వాలి. నీ బిల్లు నెల రోజులు ఆగితే ఆయన మేస్త్రీలను డబ్బు అందే చోటికి పంపుతాడు. దాన్ని మోసం అనకు, గత్యంతరం లేక చేసే పని. అలాగని పెద్ద అడ్వాన్సు ఇస్తే అది ఎవరి ఇంటి స్లాబుకో ఖర్చయిపోతుంది. పునాది, స్లాబు, గోడలు, ప్లాస్టరింగు అంటూ దశలవారీగా ఇద్దరూ కలిసి కొలిచి, అయిన పనికి చెప్పిన రోజున చెల్లించు. కొలతలు ఒక పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం, కప్పేసే పనులు కప్పకముందే చూడటం. రంగు బాగుండకపోతే మళ్లీ వేయించవచ్చు. కాంక్రీటులో ఊచలు తక్కువ పడితే ఎవరూ బయటకు తీసి చూపలేరు. అనుమానం పుట్టేది అక్కడే. ఊచలు అడుగుకు ఆనకుండా ఎత్తి ఉంచే చిన్న దిమ్మలు, అంటే కవర్ బ్లాకులు, ఊచల కింద ఉన్నాయో లేదో చూడు. కాంక్రీటు పొర సరిపడా లేకపోతే తేమ చేరి ఇనుము తుప్పు పడుతుంది, ఆ తుప్పు ఉబ్బి పెచ్చులు ఊడతాయి. గోడలో పైపులు పెట్టాక, ప్లాస్టరింగుకు ముందే నీటి ఒత్తిడితో పరీక్ష చేయించు. ఊచలకూ పైపులకూ కొలత టేపు ఆనించి ఫోటోలు తీయించు. చూపించడానికి వెనకాడని కాంట్రాక్టరు దొరికితే వదులుకోకు. రేపు పగులు వచ్చిందని ఎవరైనా నిలదీస్తే ఆ ఫోటోలే ఆయనను కూడా కాపాడతాయి.

స్లాబు రోజున సులువుగా జారుతుందని మిశ్రమంలో నీళ్లు కలపబోతారు. కలపనివ్వకు, బలం తగ్గిపోతుంది. అదే మిశ్రమం నుంచి 150 మిల్లీమీటర్ల క్యూబులు, అంటే పరీక్ష కోసం చేసే ఘనాకారపు దిమ్మలు, పోయించి 28వ రోజున పరీక్షకు పంపించు. 7వ రోజుకు సాధారణంగా మూడింట రెండు వంతుల బలం వస్తుంది కనుక ముందుగానే ఒక అంచనా దొరుకుతుంది. స్లాబును కనీసం వారమైనా, వీలైతే ఇంకా ఎక్కువ రోజులు తడుపుతూ ఉండాలి. తడిపే బాధ్యత ఎవరిదో కాగితంలో రాయించు, లేకపోతే "మీ వాళ్లు తడపలేదు" అన్న మాట రాక తప్పదు.

నీ చేతిలో ఉన్నది ఇంకొకటి. పని జరుగుతుండగా వెళ్లి, కిటికీ కాస్త పక్కకు జరపమని మేస్త్రీకి చెప్పకు. ఆయన జరుపుతాడు, కాంట్రాక్టరుకు తెలియదు, బిల్లు దగ్గర ముగ్గురికీ మాటా మాటా పెరుగుతుంది. ఏ మార్పయినా కాంట్రాక్టరుకే చెప్పు. రేటు, అదనంగా పట్టే రోజులు రాసుకున్నాకే మొదలుపెట్టనివ్వు, ఫోనులో సందేశమైనా చాలు. తీసేసిన పనికి తగ్గింపు కూడా అప్పుడే రాసుకోండి. టైల్సు ఎంచడానికి నెల తీసుకుని, ఇల్లు ఆలస్యమైందని ఆయన మీద విసుక్కునేవాళ్లు చాలామంది. నువ్వు ఆ జాబితాలో చేరకు.

ఇక రెండో మార్పు. ప్రతి బిల్లులో 5 శాతం నిలిపి ఉంచుతామని రాశావు, మంచిదే. ఎప్పుడు తిరిగి ఇస్తావో రాయలేదు. ఇల్లు అప్పగించిన రోజున సగం, లోపాలు సరిదిద్దే గడువు తీరాక మిగతా సగం అని తేదీలతో రాయి. ఆయన అడగకముందే రాయి.

ఊచలు కట్టడం పూర్తవుతుండగా కబురు పెట్టు. స్లాబుకు ఒక రోజు ముందు వచ్చి చూస్తాను. అదే రోజు ఉదయం పిలిస్తే తప్పు కనిపించినా సరిదిద్దే వ్యవధి ఉండదు.

మీ మామయ్య