టెక్ సందేహాలు: వాచ్‌లో పల్స్ 104... భయపడాలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొత్త స్మార్ట్‌వాచ్‌లో ఊరికే కూర్చున్నా పల్స్ 98, ఒక్కోసారి 104 చూపిస్తోంది. చూసినప్పుడల్లా టెన్షన్. తప్పు వాచ్‌దా, నా గుండెదా?

జవాబు: ముందు మీరే లెక్కపెట్టి చూడండి. అరచేయి పైకి పెట్టి, మణికట్టు దగ్గర బొటనవేలి వైపున రెండో చేతి చూపుడువేలు, మధ్యవేలు ఆనించండి. బొటనవేలితో మాత్రం పట్టుకోవద్దు. దానిలోనూ నాడి కొట్టుకుంటుంది, లెక్క తప్పుతుంది. నిమిషం పాటు లెక్కపెట్టి, అప్పుడే వాచ్ ఎంత చూపించిందో రాసుకోండి. నాలుగైదు తేడా అయితే వాచ్ బాగానే పనిచేస్తున్నట్టు.

తేడా బాగా ఉంటే స్ట్రాప్ చూడండి. వాచ్ వెనక మెరిసే పచ్చ లైటును రక్తం పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం పెరిగి తగ్గుతుంది కాబట్టి, తిరిగొచ్చే వెలుగు కూడా మారుతుంది. సెన్సర్ లెక్కపెట్టేది ఆ మార్పునే. స్ట్రాప్ వదులైనా, అక్కడ పచ్చబొట్టు ఉన్నా లెక్క చెడిపోతుంది. నడిచేటప్పుడైతే కొన్నిసార్లు అడుగులనే పల్స్ అనుకుంటుంది. మణికట్టు ఎముకకు ఒక వేలి వెడల్పు పైన (మోచేయి వైపు), కదలకుండా పెట్టుకోండి.

పెద్దవాళ్లకు విశ్రాంతిలో 60 నుంచి 100 వరకు మామూలే. బాగా వ్యాయామం చేసేవాళ్లకు ఇంకా తక్కువ ఉండొచ్చు. అయితే సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటొచ్చి కుర్చీలో కూలబడటం విశ్రాంతి కాదండీ. మీటింగ్ మధ్యలో, ఫిల్టర్ కాఫీ తాగాక వచ్చిన 104ను నేనైతే పట్టించుకోను. పొద్దున లేచాక, కాఫీకి ముందు, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని చూడండి. ఇలా వారం రోజులు రాయండి.

అప్పుడూ 100 దాటుతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. రక్తహీనత, థైరాయిడ్, జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం, ఆందోళన... కారణం ఏదైనా కావచ్చు. అది తేల్చడం వాచ్ వల్ల కాదు. ఎప్పుడూ 65 ఉండే మనిషికి రోజుల తరబడి 85 వస్తున్నా అడగడం మంచిది, 100 లోపే కదా అని వదిలేయొద్దు.

ఛాతీనొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే మాత్రం అంకె ఎంతున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. వాచ్‌లో ఈసీజీ బాగానే ఉందని ఆగొద్దు, అది గుండెపోటును పట్టలేదు.

ప్రశ్న: చెన్నై పెరంబూరులో ఉంటాం. నాన్నగారికి 68 ఏళ్లు, బీపీ మాత్ర వేసుకుంటారు. రాత్రి వాచ్‌లో పల్స్ 46 అని అలర్ట్ వస్తోంది.

జవాబు: నిద్రలో పల్స్ తగ్గడం సహజం. బీపీకి ఇచ్చే అటెనలాల్, మెటోప్రోలాల్ లాంటి మాత్రలు ఇంకా తగ్గిస్తాయి. అలాగని మాత్ర మీరే ఆపేయకండి, అది ప్రమాదం. పగలు కళ్లు తిరగడం, నీరసం ఉంటే ఆలస్యం చేయొద్దు. ఏమీ లేకపోయినా యాప్‌లోని నెల గ్రాఫ్, మాత్రల స్ట్రిప్ తీసుకెళ్లి ఒకసారి డాక్టర్‌కు చూపించండి. అలర్ట్ ఏ అంకె దగ్గర పెట్టుకోవాలో కూడా ఆయన్నే అడిగి, అప్పుడు సెట్టింగ్ మార్చండి.