కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న మనిషిని రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

ఉత్పత్తి కేంద్రాల నుంచి దేశమంతటికీ కరెంటు చేరవేసే లైన్ల వల, అంటే గ్రిడ్, కూలిపోవడం మీద నువ్వు రాసిన నవల రాతప్రతి ఆసాంతం చదివాను. ఇంజనీరింగ్ చదవలేదనీ, రచనలో ఎవరి దగ్గరా శిష్యరికం చేయలేదనీ, ఈ వస్తువు మీద రాసే అర్హత ఉందో లేదోననీ ఉత్తరం నిండా సంజాయిషీ ఇచ్చుకున్నావు. ఇకమీదట ఆ పని చేయకు. పాఠకుడు నీ పట్టా అడగడు. నా ఫిర్యాదు వేరే ఉంది.

మొదటి అధ్యాయంలోనే నీ ప్రతినాయకుడు ఎక్కడో కూర్చుని ఒక్క మీట నొక్కుతాడు, దేశమంతా చీకటైపోతుంది. (అతడి చెంపమీద ఆ గాటు తప్పనిసరా?) అంత సులువుగా కూలేదాని గురించి ఎవరైనా ఎందుకు బెంగపడాలి? అది కూలకుండా రోజూ ఎంత పాటుపడుతున్నారో ముందు తెలిస్తేగదా భయం! కరెంటు ఉత్పత్తీ వాడకమూ క్షణక్షణం సరితూగాలి. మన దేశంలో ఆ తూకానికి గుర్తు 50 హెర్ట్జ్‌ల ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగే వేగం. వాడకం ఎక్కువై అది మరీ పడిపోతే, ఉత్పత్తి కేంద్రాలు తమ యంత్రాలు దెబ్బతినకుండా వాటంతటవే గ్రిడ్ నుంచి విడిపోతాయి. వాటి బరువు మిగిలినవాటి మీద పడుతుంది, అవీ విడిపోతాయి. ఎవరికి వారు బతికి బయటపడాలని చూసి అందరూ మునగడమన్నమాట. ఇంత మంచి కథావస్తువును ఏ గాటు చెంపవాడూ నీకు ఇవ్వలేడు.

2012 జులై 30న తెల్లవారకముందే ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. మర్నాడు మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలి దాదాపు 60 కోట్ల మంది ఉన్న ప్రాంతాలకు కరెంటు పోయింది. రైళ్లు ఆగాయి, బొగ్గు గనుల్లో కార్మికులు చిక్కుకుపోయారు. రెండు రోజులూ గొలుసుకట్టుగా జరిగిన పతనం బీనా–గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైను ట్రిప్ అవడంతోనే, అంటే దానంతటదే గ్రిడ్ నుంచి తెగిపోవడంతోనే మొదలైంది. లైనులో ఏ లోపమూ లేదు. దాని మీద పడిన భారాన్నే రక్షణ రిలే (లోపం కనిపిస్తే లైనును విడదీయించే పరికరం) లోపమనుకుని లైనును విడదీసింది. కొన్ని రాష్ట్రాలు తమ వాటాకు మించి కరెంటు లాగాయనీ, తగ్గించమని పైనుంచి వచ్చిన ఆదేశాలకు తగినంత స్పందన లేదనీ విచారణ సంఘం రాసింది. ఆ నివేదిక ఎవరైనా చదవవచ్చు. ఓపిగ్గా చదువు. శత్రువు ఒక్కడూ లేడు, ఫోన్లు మాత్రం మోగుతూనే ఉన్నాయి. ఫోనెత్తి "చూస్తామండీ" అని పెట్టేసే ఉద్యోగి నీ నవలలో ఒక్కడూ లేడేం?

2003 ఆగస్టు 14న అమెరికాలో ఇంకో రకం. ఒహాయోలో ఒక విద్యుత్ సంస్థ కంట్రోల్ రూమ్‌లో మధ్యాహ్నం 2:14కు సాఫ్ట్‌వేర్ లోపం వల్ల అలారం వ్యవస్థ నిలిచిపోయింది. నిలిచిపోయిందని చెప్పే అలారం లేదు. ఆ తరువాత లైన్లు సాగి, చెట్లకు తగిలి ఒకటొకటిగా ట్రిప్ అవుతుంటే బయటివాళ్లు ఫోన్లు చేసి అడుగుతున్నారు. ఆపరేటర్ల ముందున్న వ్యవస్థ మాత్రం ఏ హెచ్చరికా ఇవ్వడం లేదు. సాయంత్రం నాలుగు దాటేసరికి అమెరికా, కెనడాల్లో సుమారు 5 కోట్ల మందికి కరెంటు లేదు. ఫోన్లో ఉన్న మనిషిని నమ్మాలా, కళ్లముందున్న తెరను నమ్మాలా? నీ కథానాయికను ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఒక అధ్యాయమంతా అక్కడే ఉంచు. కదలనివ్వకు.

దాడే కావాలంటావా, కాదనను. 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో ఆపరేటర్లు చూస్తుండగానే మౌస్ బాణం దానంతటదే కదిలి బ్రేకర్లు, అంటే సరఫరాను తెంపే పెద్ద స్విచ్చులు, తెరవసాగింది. అదే సమయంలో కాల్ సెంటర్‌కు దొంగ కాల్స్ వరదలా వచ్చి, అసలు వినియోగదారులకు లైను దొరకలేదు. దాదాపు 2.25 లక్షల కనెక్షన్లకు సరఫరా పోయింది. నెలల ముందు ఎవరో తెరిచిన ఈమెయిల్ జోడింపుతో చొరబడిన దాడి అది. సిబ్బంది వాహనాల్లో సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో బ్రేకర్లు మూసి, కొద్ది గంటల్లో సరఫరా తిరిగి తెచ్చారు. నువ్వు కరెంటు తిరిగి రావడాన్ని ఒక్క పేరాలో ముగించావు. నాకు అన్యాయమనిపించింది. పూర్తిగా ఆగిన గ్రిడ్‌లో పెద్ద థర్మల్ కేంద్రం మళ్లీ మొదలవ్వాలన్నా దాని పంపులకూ ఫ్యాన్లకూ ముందు కరెంటు కావాలి. చాలాచోట్ల జలవిద్యుత్ కేంద్రాన్ని ముందుగా నడిపి, అక్కడి నుంచి ఒక లైను పట్టుకుని మరో కేంద్రాన్ని లేపుతూ రావాలి. తొందరపడి ఎక్కువ లోడ్ (వాడకం) కలిపితే అంతా మళ్లీ పడిపోతుంది. నీ చివరి వంద పేజీల ఉత్కంఠ అక్కడ ఉంది.

సాంకేతిక వివరాల్లో దాడికి వంటకవిధానం మాత్రం రాయకు. నీ మూడో అధ్యాయంలో ఆ పోకడ కనిపించింది. తాళం తెరుచుకుందని పాఠకుడు నమ్మితే చాలు, తాళంచెవి నమూనా అతడికి అక్కర్లేదు. మంత్రిగారి ఉపన్యాసం పూర్తిగా తీసేయి. రాత్రి షిఫ్టు మారేటప్పుడు ఇద్దరు ఉద్యోగులు రిజిస్టరులో సంతకం గురించి పోట్లాడుకునే సన్నివేశం మాత్రం ఒక్క అక్షరం ముట్టుకోకు. నవల మొత్తంలో నేను రెండుసార్లు చదివింది అదొక్కటే. అక్కడి నుంచే నవల మొదలుపెట్టి, ముందు నలభై పేజీలు రాసి పంపు. ఈసారి వరుసల మధ్య కాస్త ఎక్కువ ఎడం వదులు, పెన్సిలుతో రాయడానికి నాకు చోటు కావాలి.