క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ రాస్తే భయపడాలా?

మీ అమ్మగారికి క్యాన్సర్ నొప్పి తగ్గడానికి డాక్టరు మార్ఫిన్ మాత్రలు రాశారని, అలవాటైపోతుందన్న భయంతో నొప్పి భరించలేనప్పుడు మాత్రమే ఇస్తున్నామని అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. గొంతు క్యాన్సర్‌తో బాధపడిన మా నాన్నగారికి వేళకు మందులిచ్చే బాధ్యత నాది కావడంతో తెలుసుకున్న సంగతులు రాస్తున్నాను.

మామూలు మార్ఫిన్ మాత్ర ప్రభావం సుమారు 4 గంటలే ఉంటుంది. అందుకే నొప్పి ముదిరేదాకా ఆగకుండా, డాక్టరు చెప్పిన వేళకు ఇవ్వాలి. మధ్యలో నొప్పి ఎక్కువైతే ఇవ్వవలసిన అదనపు మోతాదును ఆయన చేతనే విడిగా రాయించుకోండి. 12 గంటలకు ఒకసారి వేసే మాత్రలను మాత్రం ఎప్పుడూ నలపకూడదు. నాన్నగారు మింగలేకపోతున్నారని మా బంధువులొకరు పొడిచేసి పాలలో కలపబోతే, మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి చేరుతుందని నర్సు గట్టిగా వారించింది.

శరీరం అలవాటు పడే మాట నిజమే, కాబట్టి హఠాత్తుగా మానకుండా క్రమంగా తగ్గించాలి. అది వ్యసనం కాదు. డాక్టరు పర్యవేక్షణలో క్యాన్సర్ నొప్పికి వాడేవారిలో వ్యసనం అరుదు, అయితే గతంలో మద్యానికి బానిసైనవారి విషయంలో ఆ సంగతి ముందే చెప్పాలి.

మమ్మల్ని నిజంగా వేధించింది మలబద్ధకం. వికారం, మగత కొద్ది రోజుల్లో సర్దుకున్నాయి గానీ ఇది మందు వాడినంత కాలం ఉంటుంది. అందుకే విరేచనం సాఫీగా కావడానికి మొదటి రోజు నుంచే మాత్ర రాయించుకోండి. అందరూ ఇసబ్‌గోల్ సలహా ఇస్తారు. నీళ్లు సరిగా తాగలేని రోగికి దానివల్ల ఇబ్బంది పెరగవచ్చు.

భయపడవలసినది మోతాదు మించినప్పుడు. లేపినా లేవని మగత, నెమ్మదించిన శ్వాస, సూదిమొనలా చిన్నబోయిన కనుపాపలు కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో దానికి నలోక్సోన్ అనే విరుగుడు ఇస్తారు. నిద్రమాత్రలు, మద్యం తోడైతే ప్రమాదం పెరుగుతుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో మందు అవశేషాలు పేరుకుంటాయి కనుక పరీక్షల రిపోర్టులు చూపించండి.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉన్నందున ఇది ప్రతి మెడికల్ షాపులో దొరకదు. 2014 సవరణ తరువాత గుర్తింపు పొందిన ఆసుపత్రులకు నిబంధనలు కొంత సులువయ్యాయి. హైదరాబాద్‌లో రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉపశమన చికిత్స విభాగంలో అడగవచ్చు. మాత్రలు లెక్కపెట్టి తాళం వేసిన బీరువాలో ఉంచండి. మిగిలితే ఎవరికీ ఇవ్వకుండా, ఏం చేయాలో ఇచ్చిన ఆసుపత్రినే అడగండి.