యాభై దాటినా గోబ్లిన్ బొమ్మలతో ఆటలేమిటి?

ప్రశ్న అడిగినవారి అనుమానం క్లుప్తంగా ఇదీ: ఫాంటసీ మినియేచర్లు, అంటే కల్పిత లోకాల వీరులు, రాక్షసుల బుల్లి బొమ్మలు కొనడం, వాటికి రంగులు వేయడం, వాటితో ఆడటం జీవితాంతం నిలిచే హాబీయేనా, లేక నాలుగు రోజులు మురిపించి అటకెక్కే డబ్బు దండగ వ్యవహారమా?

నా మటుకు నిలిచింది. నాన్న డాక్టరు. 1980లలో ఉద్యోగానికని ఇంగ్లండ్ వచ్చి, నాటింగ్‌హామ్ దగ్గర ఇల్లు తీసుకున్నారు. ఈ హాబీకి ఆ ప్రాంతమే పుట్టిల్లు. ఈ ఆటల కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్ 1975లో లండన్‌లో మొదలైంది గానీ, 1979లో నాటింగ్‌హామ్‌ దగ్గరి న్యూఆర్క్‌లో సిటడెల్ మినియేచర్స్ అనే బొమ్మల కంపెనీ పెట్టాక బొమ్మల పోత పని ఇటువైపు వచ్చేసింది. అక్కడ పనిచేసిన శిల్పుల్లో కొందరు తర్వాత సొంత కంపెనీలు పెట్టుకున్నారు. బడిలో నా పక్కన కూర్చునేవాడి జేబులో ఎప్పుడూ ఒక మరుగుజ్జు వీరుడు ఉండేవాడు. నాకూ ఆ పిచ్చి అంటుకుంది.

అప్పట్లో ఈ బొమ్మల్ని సీసం కలిసిన లోహంతో పోసేవారు. 1990లలో సీసం మీద అమెరికాలో గొడవ లేచాక, సీసం లేని లోహానికీ ప్లాస్టిక్‌కీ మారారు. పాత సీసం బొమ్మలు చేతికొస్తే ఓక్ చెక్క బీరువాలో పెట్టకండి. ఆ చెక్క వదిలే ఆమ్లపు ఆవిరికి సీసం మీద తెల్లటి పొడి లేచి, బొమ్మను మెల్లగా తినేస్తుంది. ఆ పొడిని నోటితో ఊదకూడదు. చేతులు కడుక్కున్నాకే అన్నం దగ్గరికి వెళ్లాలి.

మా అమ్మ దసరా బొమ్మల కొలువులో కింది మెట్టు నా సైన్యానికి ఇచ్చేది. పేరంటానికి వచ్చిన ఆంటీలు "ఇదేమిటి వదినా, వానరసేనా?" అని అడిగితే కాదనేది కాదు.

సెకండ్ హ్యాండ్‌లో, ఎవరో మందంగా రంగు పట్టించిన బొమ్మలు చవగ్గా దొరుకుతాయి. ఆ రంగు వదలగొట్టడానికి ఇక్కడ చాలామంది వాడేది డెట్టాల్. లోహపు బొమ్మను నీళ్లు కలపని డెట్టాల్‌లో రాత్రంతా నానబెట్టి, గ్లవ్స్ వేసుకుని పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే యాక్రిలిక్ రంగు ఉల్లిపొరలా ఊడొస్తుంది. కిటుకంతా కడగడంలో ఉంది. తొందరపడి కొళాయి కింద పెట్టారా, ఊడిన రంగంతా జిగురుగా మారి మళ్లీ బొమ్మకే పట్టుకుంటుంది. మరికాస్త కొత్త డెట్టాల్‌తోనే కడిగి, రంగంతా పోయాకే సబ్బునీళ్లు వాడాలి. రెసిన్ (గట్టిపడే జిగురులాంటి పదార్థం) బొమ్మల మీద ఈ ప్రయోగం వద్దు. ఇల్లంతా ఆస్పత్రి వాసన వస్తుంది. డాక్టరుగారి ఇల్లు కాబట్టి మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఇక ఆట. గేమ్స్ వర్క్‌షాప్ 1983లో తెచ్చిన వార్‌హ్యామర్ అనే బల్ల మీది యుద్ధపు ఆటే మాది. బొమ్మల్ని ఎంత దూరం జరపాలో టేపుతో అంగుళాల్లో కొలుస్తాం. దెబ్బ తగిలిందా, గాయమైందా, కవచం కాపాడిందా అన్నది పాచికలు తేలుస్తాయి. నాది నైట్ గోబ్లిన్ల సైన్యం. వీళ్ల గుంపులో ఫెనాటిక్ అనేవాడు దాక్కుని ఉంటాడు. శత్రువు 8 అంగుళాల లోపలికి రాగానే, గొలుసుకు కట్టిన ఇనుప గుండును గిరగిరా తిప్పుతూ బయటికి దూకుతాడు. ఎంత దూరం పోతాడో రెండు పాచికలు చెబుతాయి. ఆ తర్వాత ఎటు పోతాడన్నది నా చేతిలోనూ ఉండదు. వాడు వెనక్కి తిరిగి నావాళ్లనే చితక్కొట్టిన ఆటలు బోలెడు. గెలిచి తీరాలనుకునేవాళ్లు ఈ సైన్యం జోలికి రారు. నేను మాత్రం ఇంకో సైన్యం వైపు చూడలేదు.

2015లో ఆ ఆటను ఆపేసి, దాని స్థానంలో ఏజ్ ఆఫ్ సిగ్మార్ తెచ్చారు. బొమ్మ కాళ్ల కింద ఉండే చదరపు బేస్‌లు (పీటలు) పోయి గుండ్రనివి వచ్చాయి. మా బృందం పాత రూల్‌బుక్‌తోనే ఆడుకుంది. 2024లో ది ఓల్డ్ వరల్డ్ పేరుతో చదరపు బేస్‌ల ఆట మళ్లీ వచ్చింది. బేస్ కొలతలు కాస్త పెంచారు గానీ బొమ్మలు అవే. రూల్స్ కంపెనీ ఇష్టం. బొమ్మ మాత్రం మీది. డబ్బు దండగా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే. అసలు దండగల్లా రంగు పడకుండా పేరుకుపోయే డబ్బాలే. బల్ల మీదున్నది పూర్తయ్యేదాకా కొత్తది కొనకూడదని మా ఇంట్లో రూల్. అది పెట్టింది మా ఆవిడ.

హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడి కొడుకు కూడా ఇదే అడిగితే, పెద్ద సైన్యాలతో మొదలుపెట్టొద్దన్నాను. ఫ్రాస్ట్‌గ్రేవ్ అనే ఆటకు ఒక మంత్రగాడు, ఒక శిష్యుడు, ఎనిమిది మంది బంట్లు చాలు. ఏ కంపెనీ బొమ్మలైనా పనికొస్తాయి. వానాకాలంలో స్ప్రే ప్రైమర్ (రంగు పట్టడానికి ముందుగా వేసే పూత) కొట్టొద్దు, తేమకు గరుకుగా పొడిపొడిగా దిగుతుంది. బ్రష్‌తో పూసుకోవడం మేలు. రంగులు వేశాక వాష్ అనే పల్చటి ముదురు రంగు పోస్తే ముడతల్లో నీడలు దిగుతాయి. అది ఆరాక, లేతరంగులో ముంచిన బ్రష్‌ను టిష్యూ మీద తుడిచి తుడిచి, ఇక రంగే లేదనిపించినప్పుడు బొమ్మ మీద అటూ ఇటూ ఆడించాలి. ముక్కు కొన, గొలుసు కడియాలు, చెవి అంచులు మాత్రమే మెరుస్తాయి.

వాడు ఇప్పుడు ద్రవ రెసిన్‌తో బొమ్మలు తయారుచేసే రెసిన్ ప్రింటర్ కొంటానంటున్నాడు. గాలి బాగా ఆడే చోటు, గ్లవ్స్, మాస్క్ ఉంటే సరే గానీ, అపార్ట్‌మెంట్ బెడ్‌రూమ్‌లో మాత్రం పెట్టొద్దని గట్టిగా చెప్పాను.