దవాఖాన పాలసీలో మీ పేరుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేశాక మిడ్‌వైఫరీలోనూ, అంటే కాన్పులు చేసే పనిలోనూ శిక్షణ తీసుకున్నాను. పదకొండేళ్లుగా ఓ ప్రైవేటు నర్సింగ్ హోంలో కాన్పులు చేస్తున్నాను. జీతం 26 వేలు, పిలుపు మాత్రం 'నర్సమ్మ'. ఉద్యోగం మానేసి, గర్భిణులకు, బాలింతలకు ఇంటికెళ్లి సేవలు చేసే సెంటర్ పెట్టాలనుంది. తెలిసినాయన నూటికి మూడు రూపాయల మిత్తికి 4 లక్షలు ఇస్తానంటున్నారు. ఇండెమ్నిటీ (వైద్యంలో పొరపాటు జరిగిందని కేసు పడితే ఆదుకునే బీమా) దవాఖానకు ఎలాగూ ఉంది. అప్పు తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. అప్పు సంగతి తర్వాత చెప్తా. 'దవాఖానకు ఎలాగూ ఉంది' అనే మాట నల్లగొండ నుంచి దేవరకొండ దాకా చాలామంది నర్సుల నోట విన్నాను. అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను.

ఆ పాలసీ యజమానిది. అందులో సిబ్బందిని చేర్చారా, చేర్చినా కాన్పులు చేసేవారిగా చూపారా, మామూలు నర్సని రాశారా అన్నది షెడ్యూలు (ఎవరికి, దేనికి కవరో రాసిన పాలసీ పత్రం) చూస్తేగానీ తెలియదు. ఇంకో చిక్కుంది. ఈ పాలసీలు సాధారణంగా కాన్పు జరిగిన రోజు ఉంటే చాలవు, క్లెయిమ్ వచ్చిన రోజు కూడా అమల్లో ఉండాలి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ఈ ఉగాదికి చేసిన కాన్పుకు నోటీసు వచ్చే దసరాకు రావచ్చు. అప్పటికి మీరు అక్కడ ఉండరు, వకీలు ఫీజు మీ జేబులోంచే పోతుంది.

రాజీనామాకు ముందే మీ పేరున ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ తీసుకోండి. ప్రపోజల్‌లో (పాలసీ దరఖాస్తులో) కాన్పులు చేస్తానని, ఇళ్లకు వెళ్తానని స్పష్టంగా రాయండి. కవరవుతుందో లేదో రాతలో తెప్పించుకోండి. ఏజెంటు ఫోన్‌లో 'అన్నీ వస్తాయి మేడమ్' అంటే అది లెక్కలోకి రాదు. రెన్యువల్ ఒక్క ఏడాది తెగినా పాత కాన్పులకు రక్షణ పోవచ్చు. నర్సింగ్ కౌన్సిల్‌లో మీ రిజిస్ట్రేషన్ గడువూ చూసుకోండి. ఇళ్ల దగ్గర కాన్పుల జోలికి మాత్రం పోకండి.

గుర్తింపు విషయంలో మీ బాధ న్యాయమైనదే. 2018లో కేంద్రం మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలిచ్చింది, 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. అది మీ జీతం దాకా ఎప్పుడొస్తుందోనని నమ్ముకుని అప్పు చేయలేం కదా.

నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. 4 లక్షలకు నెలకు 12,000 మిత్తే, అసలులో రూపాయి తగ్గదు. జీతం వదిలేసి ఎక్కడి నుంచి కడతారు? ఇంటింటికీ తిరిగే పనికి అంత పెట్టుబడి ఎందుకో కూడా మీరు రాయలేదు. బీపీ మిషను, స్కూటీ ఉంటే మొదలవుతుంది. ప్రీమియం దండగనేవాళ్లే ఇలాంటి మిత్తికి జంకరు, నాకిది ఎప్పటికీ అర్థం కాదు. బ్యాంకులో బంగారం పెట్టడం, చిట్టీ పాడుకోవడం ఇంతకన్నా నయమే కానీ ఇప్పుడు అవీ వద్దు. యజమానితో ఒప్పందం అడ్డురాకపోతే సెలవు రోజుల్లో నాలుగైదు ఇళ్లతో మొదలుపెట్టండి. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో చేరాక రాజీనామా మాట ఎత్తండి.

ఈ వారమే యాజమాన్యాన్ని పాలసీ షెడ్యూలు కాపీ అడగండి. ఇవ్వనంటే అందులో మీ పేరు లేదనే అనుకోండి.