పాత్ర మాట ఒకటి, నాటకం మాట ఒకటి

విజయనగరం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

గురజాడ అప్పారావు గారి నాటకం ‘కన్యాశుల్కం’ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మేనమామగా చదివి సంతోషించాను. రెండోసారి ముప్ఫై ఏళ్లు ఈ నాటకాన్ని పాఠంగా చెప్పినవాడిగా చదివి, ఎర్రసిరా కలం కోసం వెతుక్కున్నాను. గిరీశం వంచకుడని, వేశ్య మధురవాణి ఉదాత్తురాలని, వకీలు సౌజన్యారావు పంతులు ఆదర్శపురుషుడని, నాటకంలోని ఇతివృత్తం సంఘసంస్కరణ అని రాశావు. వీటిలో తప్పని కొట్టేయవలసిన మాట ఒక్కటీ లేదు. అయితే ఈ నాలుగు మాటలూ నాటకం చదవని వాళ్లు కూడా రాయగలరు. పరీక్షలకు అమ్మే గైడు పుస్తకాల్లో ఇంతకంటె నున్నగా రాసి ఉంటాయి. నాటకం చదివిన మనిషి మాత్రమే రాయగలిగిన వాక్యం నీ పన్నెండు పేజీల్లో ఒక్కచోటే కనిపించింది, దాని సంగతి చివర చెబుతాను.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. బి.ఏ. చదివే రోజుల్లో, తెలుగువాళ్ల వెనకబాటుతనం మీద గురజాడ అభిప్రాయం ఏమిటో వివరించబోయి, “మనవాళ్లు వొట్టి వెధవాయలోయ్” అన్న వాక్యాన్ని ఆయన తీర్పుగా ఉదహరించాను. మా మాస్టారు ఆ వాక్యం చుట్టూ సున్నా చుట్టి, పక్కన “ఎవరన్నారు? ఎవరితో అన్నారు?” అని మాత్రం రాసి కాగితం తిరిగి ఇచ్చారు. అన్నది గిరీశం. విన్నది అతని శిష్యుడు వెంకటేశం. ఆ “ఓయ్” అన్న పిలుపులోనే వినేవాడు కూర్చుని ఉన్నాడు. తనకంటె చిన్నవాడు, తన మాటకు నోరు తెరుచుకుని వినేవాడు ఒకడు ఎదురుగా ఉంటే తప్ప ఆ వాక్యం అలా పుట్టదు. జాతి మొత్తాన్ని వెధవాయలను చేసేసి, ఆ లెక్కలోంచి తనను మాత్రం మినహాయించుకునే మనిషి మాట అది. దాన్ని నేను రచయిత నోట పెట్టాను. నాటకాన్ని విశ్లేషించడంలో మనం చేసే తప్పుల్లో సగానికి పైగా ఈ ఒక్క తప్పుకే పిల్లలు.

అందువల్ల నేను చెప్పే మొదటి పద్ధతి చాలా మోటైనది. ఒక తెల్లకాగితం తీసుకుని, ఏదైనా ఒక రంగాన్ని ఎంచుకుని, ప్రతి పెద్ద మాటకూ ఎదురుగా మాట్లాడేది ఎవరు, వింటున్నది ఎవరు, మాట్లాడే మనిషికి ఆ క్షణాన కావలసింది ఏమిటి, అది దొరికిందా లేదా అని రాసుకో. పాత్ర గుణగణాలను గురించి ఒక్క విశేషణం కూడా ఆ కాగితం మీద పడనీయకు. వంచకుడు, అమాయకురాలు, లోభి వంటి మాటలు మనం విచారణ ముగించాక వేసే ముద్రలు, వాటిని మొదటే వేసేస్తే ఇక చూడవలసింది ఏమీ మిగలదు.

నాటకం ఎత్తుగడనే తీసుకుందాం. స్థలం మన విజయనగరంలోని బొంకులదిబ్బ. బొంకు అంటే అబద్ధమని నీకు చెప్పనక్కరలేదు. ఊళ్లో ఉన్న నిజమైన చోటునే ఎంచుకుని, అక్కడ గిరీశాన్ని నిలబెట్టడంలో రచయిత ముసిముసి నవ్వు ఉంది. సాయంకాలమైందంటూ అతను ఒంటరిగా మాట్లాడుకుంటాడు. పూటకూళ్లమ్మకు సంతలో సామాను కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకుపోయి, దాన్ని నాట్యకత్తె మీద ఖర్చు పెట్టేసిన సంగతి మనకు తెలిసేది అతని నోటినుంచే. ఇప్పుడు నీ కాగితం మీద వినేవారు ఎవరన్న చోట ఏం రాస్తావు? వినేది మనమే. నాటకం పొడుగునా ఎదుటపడిన ప్రతివాడితోనూ బొంకే ఈ మనిషి, తొలి నిమిషంలోనే మనతో మాత్రం నిజం చెప్పేశాడు. అతని గుట్టు మన చేతికి ఇచ్చి, మనల్ని తన పక్షాన కూర్చోబెట్టుకున్నాడు. ఇతను ఎంత దుర్మార్గం చేసినా తెలుగు ప్రేక్షకుడు వంద సంవత్సరాలుగా ఇతన్ని ఎందుకు అసహ్యించుకోలేకపోతున్నాడన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు ఇక్కడే ఉందని నా నమ్మకం. “గిరీశం వంచకుడు” అన్న నీ వాక్యం ఈ సంగతిని తాకనే లేదు. మనం అతని వంచనలో భాగస్వాములమైపోయామన్నది అసలు విశేషం.

తరవాత అతను శిష్యుడి ఊరైన కృష్ణరాయపురం అగ్రహారం చేరుకున్నాక చూడు. వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్ల ఇంట్లో గురుశిష్యులిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకుని చూపించవలసి వచ్చినప్పుడు, “ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్” వంటి బడిపాఠాల ముక్కలతో సంభాషణ నడిపించేస్తారు. తల్లి వెంకమ్మకు అది కొడుకు చదువుకు ప్రత్యక్ష సాక్ష్యం. ఆ మాటలకు అర్థం లేకపోయినా ఆ ఇంట్లో వాటికి విలువ ఉంది. భాష ఇక్కడ భావాన్ని చెప్పడానికి కాక సరుకుగా చెల్లుబాటు అవుతోంది. పాత్రల భాషను గురించి రాసేటప్పుడు “సహజమైన వాడుక భాష” అని పొగిడి ఊరుకోకు. పనివాడు అసిరిగాడి మాటకూ, అవధాన్ల మాటకూ, మధురవాణిని ఉంచుకున్న రామప్పంతులు మాటకూ యాసలో తేడా ఉందని గమనించడం సులభమే. ఒకే మనిషి మాట మనిషిమనిషికీ ఎలా మారుతోందో చూడడం దానికంటె కష్టం, దానికంటె ఫలం కూడా ఎక్కువ. మధురవాణి రామప్పంతులుతో ఆడే మాట వేరు, వెంకటేశం మేనమామ కరటకశాస్త్రితో వేరు, సౌజన్యారావుతో వేరు. ఆ మూడు గొంతుల మధ్య ఆమె ఎక్కడ తానుగా మాట్లాడుతోందో నీ అంతట నువ్వు తేల్చుకో, నేను చెప్పను.

ఇక ఇతివృత్తం. డబ్బు పుచ్చుకుని ఆడపిల్లను పెళ్లికి ఇచ్చే కన్యాశుల్కమనే దురాచారాన్ని ఖండించడమే నాటక ఇతివృత్తమని నువ్వు రాసి, వెంటనే వీరేశలింగం గారి ఉద్యమం గురించి రెండు పేజీలు నింపావు. చారిత్రక నేపథ్యం కావలసిందే. మొదటి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠికలో ఒక లెక్క ఉంది: విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాలలో మూడు సంవత్సరాల కాలంలో జరిగిన ఇటువంటి పెళ్లిళ్లను విజయనగరం మహారాజా జాబితా వేయించగా 1,034 తేలాయి. వాటిలో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది వయసున్న పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల తలకు 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకెలు చదివాక అగ్నిహోత్రావధాన్లు చిన్న కూతురు సుబ్బిని 1,800 రూపాయలకు ముసలి లుబ్ధావధాన్లకు ఇవ్వబోవడం అతిశయోక్తి కాదని తెలుస్తుంది. నేపథ్యం చేయవలసిన పని అంతవరకే. దురాచారం నాటకానికి సందర్భం, ఇతివృత్తం దానికంటె వెడల్పుగా ఉంటుంది.

ఆ వెడల్పును ఎలా కొలవాలంటే, పాత్రలు చేసే ఉపన్యాసాలను పక్కన పెట్టి, నాటకంలో ఏది మళ్లీమళ్లీ జరుగుతోందో లెక్కపెట్టు. ఇక్కడ మళ్లీమళ్లీ జరిగేది బేరం. సుబ్బికి బేరం కుదిరింది. ఆ పెళ్లి తప్పించడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేయించి, అతన్ని కూడా లుబ్ధావధాన్లకే బేరం పెట్టాడు. మధురవాణి మెడలోని కంటె అనే నగ చేతులు మారి, మళ్లీ ఇమ్మని అడిగే పేచీగా మారింది. ముహూర్తానికి బేరం, సాక్ష్యానికి బేరం, పోలీసుకు బేరం, వకీలుకు బేరం. కొడుకు ఇంగ్లీషు చదువుకయ్యే ఖర్చు మాటా, కూతురి సంబంధం మాటా ఒకే ఇంటి గోడల మధ్య నలుగుతాయి. చివరి అంకంలో మగవేషంలో వచ్చిన మధురవాణి, ఆ పెళ్లికూతురు నిజానికి మగపిల్లవాడన్న, తనకు తెలిసిన రహస్యానికి వెలగా సౌజన్యారావు పంతులును అడిగింది ఒక ముద్దు. ఆయన ఇవ్వడానికి ఒప్పుకున్నాక, ఆమె ఆ వెల పుచ్చుకోకుండా వదిలేసింది. ఇంత పెద్ద నాటకంలో చేతికి వచ్చిన సొమ్మును ఒకరు వద్దనుకున్న ఘట్టం నాకు మరొకటి గుర్తులేదు. “మధురవాణి ఉదాత్తురాలు” అని నువ్వు రాసిన మాటకు ఆధారం ఈ ఘట్టమే అయితే, ఆధారాన్ని చూపించు, విశేషణాన్ని చదివేవాడికి వదిలేయ్.

సౌజన్యారావును కూడా అక్కడే ఆగి చూడవలసింది. వేశ్య ముఖం చూడనని నియమం పెట్టుకున్న పెద్దమనిషి, చేయని నేరానికి కేసులో ఇరుక్కున్న లుబ్ధావధాన్లను తప్పించడానికి ఆ నియమాన్ని సడలించుకోవలసి వచ్చింది. ఆయన మంచివాడన్నది నిజం. అయితే ఆ మంచితనానికి లోకం తెలియదు, మధురవాణికి తెలుసు. ఆదర్శపురుషుడని ముద్ర వేసేస్తే ఈ ఇరకాటం కనబడకుండా పోతుంది.

మరొక మెలకువ: ఒకే స్థితిలో ఉన్న ఇద్దరు ముగ్గురిని పక్కపక్కన పెట్టి చూడు. ఈ నాటకంలో అగ్నిహోత్రావధాన్ల పెద్ద కూతురు బుచ్చమ్మ వితంతువు, లుబ్ధావధాన్ల కూతురు మీనాక్షి వితంతువు, పూటకూళ్లమ్మా వితంతువే. ముగ్గురికీ లోకం ఇచ్చిన స్థానం ఒకటే అయినా, ఒకరు మాట వింటారు, ఒకరు మోసపోతూనే ఎదురు తిరుగుతారు, ఒకరు చీపురుకట్ట పట్టుకుంటారు. వితంతు సమస్య మీద నాటకం ఏమనుకుంటోందన్నది ఈ ముగ్గురి మధ్య ఉన్న దూరంలో దొరుకుతుంది. గిరీశం బుచ్చమ్మ చెవిన పడేలా చేసే వితంతు వివాహ ప్రసంగాల్లో దొరకదు. ఆ ప్రసంగాల్లో వాదన సరైనదే, చెప్పేవాడి ఉద్దేశమే సరైనది కాదు. మంచి వాదాన్ని చెడ్డవాడి నోట పెట్టిన రచయిత ఆ వాదాన్ని తిరస్కరిస్తున్నాడా, లేక వాదం ఎవరి చేతిలో పడితే ఏమవుతుందో చూపిస్తున్నాడా అన్నదాని మీద నీ వ్యాసంలో ఒక ప్రకరణం ఉండాలి. నా మటుకు నేను రెండోదే అంటాను, నువ్వు కాదనవచ్చు.

రచయిత ఏం మార్చాడో చూడడం కూడా విశ్లేషణలో బలమైన సాధనం. నీకు సంస్కృతం వచ్చు కనుక శాకుంతలం సంగతి గుర్తుచేస్తాను. భారతంలో దుష్యంతుడు శకుంతలను ఎరగనన్నప్పుడు అతనికి అన్నీ జ్ఞాపకమే. లోకాపవాదానికి జంకి బొంకాడు. కాళిదాసు దూర్వాసుడి శాపాన్నీ, ఉంగరాన్నీ తెచ్చి ఆ బొంకును మరుపుగా మార్చాడు. ఆ ఒక్క మార్పుతో నాయకుడి నేరం తేలికపడింది, నాటకం జ్ఞాపకాన్ని గురించిన కథ అయింది. ‘కన్యాశుల్కం’లో ఈ పని మరింత సులువు, ఎందుకంటే తన నాటకాన్ని తానే తిరగరాసుకున్నాడు గురజాడ. 1892లో ప్రదర్శించి 1897లో అచ్చువేసిన మొదటి రూపం అయిదంకాలది. 1909 నాటి రెండో కూర్పు ఏడంకాలకు పెరిగింది, అందులో మధురవాణి పాత్ర విశేషంగా పెరిగింది. సంస్కరణ ప్రచారమే ఆయన లక్ష్యమైతే మొదటి కూర్పు చాలు. పన్నెండేళ్ల తరవాత ఒక వేశ్య పాత్రకు అంత చోటు ఎందుకు ఇచ్చాడన్న ప్రశ్న వేసుకుని రెండు కూర్పులూ ఎదురెదురుగా పెట్టుకుని చదువు. సినిమా చూసి రాసినట్లున్న చోట్లు నీ వ్యాసంలో రెండున్నాయి, వాటిని గుర్తు పెట్టాను, కొట్టేయ్. 1955 నాటి ఆ సినిమాను నేనూ ఇష్టంగానే చూశాను, కాని అది వేరే రచన.

విమర్శకుల అభిప్రాయాలను వ్యాసం మొదట్లో పేర్చవద్దు. నీ కాగితాలన్నీ నిండి, నీకంటూ ఒక అభిప్రాయం ఏర్పడ్డాక వాళ్లను చదువు. అప్పుడు వాళ్లతో పోట్లాడడానికి నీ చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

ఇప్పుడు నేను మొదట్లో చెప్పిన ఆ ఒక్క వాక్యం. తొమ్మిదో పేజీ అడుగున, ఏదో పక్కమాటగా, “ఇంత రభసా సుబ్బి పెళ్లి గురించే అయినా సుబ్బి ఏమనుకుంటోందో మనకు తెలియదు” అని రాసి, వెంటనే మరో సంగతిలోకి వెళ్లిపోయావు. నేను అక్కడ పెన్సిలుతో గీత గీసి చాలాసేపు కూర్చున్నాను. తల్లి నూతిలో దూకింది, మేనమామ కపటనాటకం అల్లాడు, తండ్రి తాంబూలాలిచ్చేశాను ఇహ తన్నుకు చావండన్నాడు, కోర్టు దాకా వెళ్లింది వ్యవహారం. ఆ పిల్ల నోట మనకు గుర్తుండిపోయే మాట ఒక్కటీ లేదు. అమ్మే సరుకును ఎవరూ అడగరు కదా. చివరికి బుచ్చమ్మను పూనాలో వితంతు శరణాలయానికి పంపించాలని నిశ్చయమైనప్పుడు కూడా నిర్ణయించినవారు పెద్దలే, “డామిట్! కథ అడ్డంగా తిరిగింది” అన్న ఆఖరి మాట దక్కింది గిరీశానికే.

వ్యాసాన్ని ఆ వాక్యంతో మొదలుపెట్టి తిరిగి రాయి. మొదటి ఎనిమిది పేజీల్లో దానికి పనికొచ్చేవి రెండు పేరాలుంటాయేమో, మిగతావి తీసేసినా నష్టం లేదు. 1909 కూర్పు నా దగ్గరున్నది అట్ట ఊడిపోయింది కాని పేజీలన్నీ ఉన్నాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు పట్టుకెళ్లు. మీ అత్తయ్య నిన్ను అడిగినట్టు రాయమంది.

ఆశీస్సులతో,
నీ మావయ్య